ఆల్టరేషన్ వేటలో చేతి గామా స్పెక్ట్రోమీటర్లు: ఆర్‌ఎస్-125, ఆర్‌ఎస్-230 సమీక్ష

హైడ్రోథర్మల్ ఆల్టరేషన్ జోన్లు, అంటే భూమి లోపలి వేడి ద్రవాలు రాయిని మార్చేసిన చోట్లు, వెతకడానికే కొంటున్నట్లయితే ఈ రెండింటిలో ఆర్‌ఎస్-230 తీసుకోండి. ఆర్‌ఎస్-125 పనికిరాదని కాదు. దానితో ప్రతి పాయింట్ దగ్గరా రెండింతలకు పైగా సేపు ఆగాలి. మధ్యాహ్నం ఎండలో అంత ఓపిక ఏ ఫీల్డ్ టీముకూ ఉండదు. ఓపిక తగ్గిన చోట ముందుగా చెడేది థోరియం అంకె, ఆల్టరేషన్‌ను పట్టించేది కూడా ఆ అంకే. ఈ సమీక్షలో మిగతాదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

రెండూ కెనడాకు చెందిన రేడియేషన్ సొల్యూషన్స్ కంపెనీ తయారీ. రాళ్లలోంచి సహజంగా వచ్చే గామా కిరణాలను లెక్కపెట్టే, ఒంటి చేత్తో పట్టుకునే పరికరాలు, బరువు సుమారు 2 కిలోలు, నాలుగు ఏఏ బ్యాటరీలతో నడుస్తాయి. రెండింటిలోనూ గామా కిరణం తగిలితే మెరిసే 103 ఘన సెంటీమీటర్ల క్రిస్టల్, కిరణాలను శక్తిని బట్టి విడదీసి చూపే 1024 చానళ్ల స్పెక్ట్రమ్. తేడా అంతా క్రిస్టల్ దేనితో చేశారన్న దగ్గరే ఉంది. ఆర్‌ఎస్-125లో సోడియం అయొడైడ్, ఆర్‌ఎస్-230లో బిస్మత్ జెర్మనేట్. దీన్నే అందరూ బీజీఓ అంటారు. స్క్రీన్, మెనూ, డేటా దించుకునే సాఫ్ట్‌వేర్ ఒకటే కాబట్టి వాటిని విడివిడిగా పోల్చాల్సిన పని లేదు.

పని రెండు మోడ్‌లలో సాగుతుంది. సర్వే మోడ్‌లో సెకనుకు ఒక రీడింగ్ వస్తుంది, కౌంట్లు (లెక్కకొచ్చిన కిరణాలు) పెరిగితే శబ్దం కూడా పెరుగుతుంది, నడుస్తూ వెతకడానికి అది. అస్సే మోడ్‌లో పరికరాన్ని రాయి మీద ఆనించి, మీరు పెట్టిన సమయం పూర్తయ్యాక పొటాషియం శాతంలో, యురేనియం, థోరియం పీపీఎంలో (పది లక్షల్లో ఎన్ని భాగాలో) చూపిస్తుంది. ఆల్టరేషన్ పటం గీయడానికి అస్సే మోడ్ రీడింగ్‌లు మాత్రమే పనికొస్తాయి. సర్వే మోడ్ పని ఎక్కడ ఆగాలో చెప్పడం, అంతే.

పరికరం కొలిచేదేమిటి

ఆల్టరేషన్ ద్రవాలు రాయిలోకి పొటాషియాన్ని తెస్తాయి, లేదా అందులోంచి కడిగేస్తాయి. పోర్ఫిరీ రాగి వ్యవస్థల (చల్లబడే మాగ్మా చుట్టూ ఏర్పడిన భారీ రాగి నిక్షేపాల) నడిబొడ్డున పొటాషియం ఫెల్డ్‌స్పార్, బయోటైట్ పుడతాయి. దాని చుట్టూ, పైన సెరిసైట్ అనే సన్నని అభ్రకం వస్తుంది. లో సల్ఫిడేషన్ ఎపిథర్మల్ (భూమి పైపొరల్లో, ఆమ్లం తక్కువున్న వేడి నీటితో ఏర్పడిన) బంగారు నిక్షేపాల్లో అడులేరియా అనే పొటాషియం ఫెల్డ్‌స్పార్ ఉంటుంది. అగ్నిపర్వత శిలల్లోని సల్ఫైడ్ నిక్షేపాల కింద, మెటమార్ఫిక్ (రూపాంతర శిలల) ప్రాంతాల్లోని బంగారు షియర్ జోన్లలో, అంటే రాళ్లు ఒరుసుకుని నలిగిన పట్టీల్లో, మళ్లీ సెరిసైటే. పొటాషియం ఫెల్డ్‌స్పార్ బరువులో 14 శాతం పొటాషియమే. సెరిసైట్‌లో అది దాదాపు 9.8 శాతం, అలునైట్ అనే సల్ఫేట్ ఖనిజంలో 9.4 శాతం. ప్రకృతిలోని పొటాషియంలో 0.0117 శాతం పొటాషియం-40. దాని విఘటనల్లో దాదాపు 11 శాతం 1.461 ఎంఈవీ గామా కిరణాన్ని విడుదల చేస్తాయి (ఎంఈవీ కిరణం శక్తికి కొలత, వెయ్యి కేఈవీలు ఒక ఎంఈవీ). పరికరం లెక్కపెట్టేది దాన్నే.

యురేనియం, థోరియం సంగతి వేరు, వాటిని నేరుగా కొలవడం కుదరదు. యురేనియం గొలుసులో బాగా కిందనున్న బిస్మత్-214 వదిలే 1.765 ఎంఈవీ కిరణాన్ని, థోరియం గొలుసు చివర్లోని థాలియం-208 వదిలే 2.614 ఎంఈవీ కిరణాన్ని లెక్కించి, గొలుసు మొత్తం సమతుల్యంలో ఉందన్న ఊహతో పీపీఎం లెక్క కడుతుంది. థోరియం విషయంలో ఆ ఊహ దాదాపు ఎప్పుడూ నిలబడుతుంది. యురేనియం గొలుసు మధ్యలో మాత్రం రేడాన్ అనే వాయువు ఉంది. అది రాతి సందుల్లోంచి జారిపోతుంది, లేదా వేరే చోట నుంచి వచ్చి చేరుతుంది. పైగా ఆక్సీకరణలో యురేనియం నీటిలో కరిగిపోతే రేడియం అక్కడే మిగిలిపోవచ్చు. అందుకే స్క్రీన్ మీద కనిపించే యురేనియం అంకెను ‘తుల్య (ఈక్వివలెంట్) యురేనియం’గానే చదవాలి. ల్యాబ్ ఫలితంతో తేడా వచ్చిందని పరికరాన్ని తిట్టుకోవడంలో అర్థం లేదు.

ఇంతకీ ఆల్టరేషన్ ఏ అంకెలో దాగి ఉంటుంది? పొటాషియం ఒక్కదాన్నే చూస్తే మోసపోతాం. ఒక ఉదాహరణ. ఆల్టరేషన్ లేని ఆండసైట్ అనే అగ్నిపర్వత శిలలో పొటాషియం 1.8 శాతం, థోరియం 6 పీపీఎం ఉన్నాయనుకోండి. అదే రాయి పొటాసిక్ (పొటాషియం చేరే రకం) ఆల్టరేషన్‌కు లోనైతే పొటాషియం 4.5 శాతానికి చేరుతుంది, థోరియం మాత్రం 6 దగ్గరే ఆగిపోతుంది. పక్కనే చొచ్చుకొచ్చిన మామూలు గ్రానైట్‌లో పొటాషియం 4.2 శాతం, థోరియం 18 పీపీఎం. పొటాషియం పటంలో ఆల్టరేషన్ జోన్, గ్రానైట్ రెండూ ఒకే ఎరుపు రంగులో కనిపిస్తాయి. థోరియాన్ని పొటాషియంతో భాగించి చూస్తే ఆండసైట్‌కు 3.3, గ్రానైట్‌కు 4.3, ఆల్టరేషన్‌కు 1.3 వస్తాయి. మాగ్మా రకం మారితే పొటాషియం, థోరియం చేతులు కలిపి పెరుగుతాయి. వేడి ద్రవాలు మాత్రం మామూలుగా పొటాషియాన్నే మోసుకొస్తాయి, థోరియం దాదాపు కదలదు. ఈ పద్ధతికి ఆధారం ఈ తేడానే. కెనడా జియలాజికల్ సర్వే 1990లలో బ్రిటిష్ కొలంబియాలోని మౌంట్ మిల్లిగన్, యూకాన్‌లోని కసీనో పోర్ఫిరీల దగ్గర చేసిన పనిలో నిక్షేపాలను పట్టించింది కూడా పొటాషియం పెరగడం ఒక్కటే కాదు, దాంతోపాటు ఈ నిష్పత్తి పడిపోవడం.

క్రిస్టల్ తేడా ఎక్కడ తగులుతుంది

గామా కిరణాలు ఎప్పుడు వస్తాయో ముందే చెప్పలేం కాబట్టి ప్రతి కొలతలోనూ కౌంట్ల వర్గమూలం అంత పొరపాటు తప్పదు. 100 కౌంట్లు వస్తే ±10 శాతం, 25 కౌంట్లు వస్తే ±20 శాతం. పరికరం ఎంత ఖరీదైనదైనా దీన్ని దాటలేదు.

ఉజ్జాయింపుగా లెక్క వేద్దాం. నేల మీద పెట్టే 76 మిల్లీమీటర్ల సోడియం అయొడైడ్ క్రిస్టల్‌కు విండో పద్ధతిలో (ఒక్కో మూలకానికి కేటాయించిన శక్తి పరిధిలో పడ్డ కిరణాలనే లెక్కించే పద్ధతి) 1 శాతం పొటాషియం సెకనుకు దాదాపు 3.4 కౌంట్లు ఇస్తుంది. 1 పీపీఎం థోరియం ఇచ్చేది 0.13 మాత్రమే. ఆ క్రిస్టల్ ఘనపరిమాణం 345 ఘన సెంటీమీటర్లు. 103 ఘన సెంటీమీటర్ల దానికి అందులో పావు వంతు అనుకుంటే, మన 6 పీపీఎం థోరియం సెకనుకు 0.2 కౌంట్లు ఇస్తుంది. 120 సెకన్లు ఆగితే 23 లేదా 24 కౌంట్లు, అంటే ±20 శాతం. అదే సమయంలో 4.5 శాతం పొటాషియం 450కి పైగా కౌంట్లు ఇస్తుంది, పొరపాటు 5 శాతం లోపే. స్క్రీన్ మీద పొటాషియం అంకె నిలకడగా కనిపిస్తుంది కాబట్టి రీడింగ్ బాగుందనిపిస్తుంది. నిష్పత్తిని మాత్రం ఆ 23 కౌంట్లే తేలుస్తాయి.

1.3, 3.3 మధ్య తేడాను 20 శాతం పొరపాటు చెరిపేయలేదు. గట్టి ఆల్టరేషన్ దగ్గర ఆర్‌ఎస్-125తో 120 సెకన్లు చాలు. చిక్కు అంచుల దగ్గర వస్తుంది. నిష్పత్తి 2.5కి తగ్గిందా, లేక మామూలు 3.3 రాయే అలా ఊగుతోందా అన్నది ఆ సమయంలో తేలదు. 300 సెకన్లు పెడితే దాదాపు 58 కౌంట్లు, ±13 శాతం. ఆర్‌ఎస్-230 ఇంచుమించు అదే ఖచ్చితత్వాన్ని 120 సెకన్లలో ఇస్తుంది. బీజీఓ సాంద్రత 7.13, సోడియం అయొడైడ్‌ది 3.67. బీజీఓలోని బిస్మత్ చాలా బరువైన మూలకం. అందుకే 2.614 ఎంఈవీ లాంటి చురుకైన కిరణం క్రిస్టల్‌ను చీల్చుకుని వెళ్లిపోకుండా తన శక్తి అంతా అందులోనే వదిలే అవకాశం రెండింతలకు పైగా ఉంటుంది. క్రిస్టల్ చిన్నదైన కొద్దీ ఈ తేడా ఎక్కువగా తెలుస్తుంది.

బీజీఓకు లోపం లేదనుకోకండి. 662 కేఈవీ దగ్గర సోడియం అయొడైడ్ శిఖరం (స్పెక్ట్రమ్‌లో ఒక కిరణం శక్తి దగ్గర లేచే గుట్ట) వెడల్పు సుమారు 7 శాతం ఉంటే బీజీఓది 10 నుంచి 12 శాతం. 1.461, 1.765 శిఖరాల మధ్య 300 కేఈవీ దూరం ఉంది కాబట్టి మన పనికి అది అడ్డం కాదు. కృత్రిమ ఐసోటోపులను గుర్తించాలంటే మాత్రం ఆర్‌ఎస్-125 మేలు. బీజీఓ కాంతి ఉష్ణోగ్రతతో బాగా మారుతుంది, డిగ్రీకి దాదాపు 1 శాతం. నీడలోంచి ఎండలోకి వచ్చిన వెంటనే కొలవడం మొదలుపెడితే శిఖరాలు జరుగుతాయి. రెండు పరికరాలూ రాళ్లలోని సహజ రేడియోధార్మికతనే ఆధారం చేసుకుని తమంతట తాము సర్దుకుంటాయి, సర్దుబాటు కోసం సీసియం సోర్స్ (రేడియోధార్మిక నమూనా) మోసుకెళ్లక్కర్లేదు. ఇది నిజంగా పెద్ద సౌకర్యం, ఆ సోర్స్‌కు కావాల్సిన అనుమతులు, రవాణా కాగితాల తలనొప్పి తప్పుతుంది. కాకపోతే సర్దుకోవడానికి కౌంట్లు కావాలి. పొటాషియం, థోరియం రెండూ తక్కువున్న పెరిడొటైట్, సున్నపురాయి, క్వార్ట్జైట్ మీద అది నెమ్మదిస్తుంది. అలాంటి చోట ఉదయం పరికరాన్ని గ్రానైట్ లేదా మట్టి నేల మీద ఆన్ చేసి, స్థిరపడ్డాక తీసుకెళ్లడం మంచిది.

సోడియం అయొడైడ్‌కు తేమ అంటే గిట్టదు. సీల్‌లో చిన్న పగులు వచ్చినా క్రిస్టల్ పసుపు రంగుకు తిరిగి, శిఖరాలు వెడల్పవుతాయి. ఉష్ణోగ్రత ఒక్కసారిగా మారితే చిట్లుతుంది కూడా. ఏసీ బండిలోంచి తీసి కాలే బండ మీద పెట్టకూడదు, సంచిలోనే కాసేపు ఉంచి తీయాలి. బీజీఓకు తేమ భయం లేదు.

ఫీల్డ్‌లో వాడే తీరు

ఉదయం ఆన్ చేశాక పది, పదిహేను నిమిషాలు వదిలేయండి. క్యాంప్ దగ్గర ఒక చదునైన బండను బేస్ పాయింట్‌గా ఎంచుకుని, దాని మీద పెయింట్‌తో పరికరం పెట్టే చోటు గుర్తు వేసి, రోజూ పొద్దున, సాయంత్రం 300 సెకన్ల రీడింగ్ తీయండి. పొటాషియం 10 శాతానికి మించి మారితే ఆ రోజు డేటాను పక్కన పెట్టి కారణం వెతకాలి. వానా, బ్యాటరీలా, శిఖరం జరగడమా అని. బేస్ రీడింగ్ లేని డేటాతో వేర్వేరు రోజుల పాయింట్లను కలిపి పటం గీయడం దండగ.

రీడింగ్ తీసే చోటు గురించి పరికరం మాన్యువళ్లు రెండు ముక్కల్లో ముగిస్తాయి గానీ, ఎక్కువ తప్పులు పుట్టేది అక్కడే. పరికరం లెక్కలన్నీ చదునైన, విశాలమైన నేల మీద పెట్టినట్టు ఊహించి కట్టినవి. రాయి మీద ఆనించిన పరికరానికి సంకేతం ఎక్కువగా చుట్టూ ఒక మీటరు వ్యాసార్ధంలోంచి, పై 30 నుంచి 40 సెంటీమీటర్ల మందంలోంచి వస్తుంది. రాతి గూటిలో పెడితే చుట్టుపక్కల గోడల నుంచి కూడా కిరణాలు వచ్చి అంకెలు పెరుగుతాయి, అన్ని వైపులా రాయి ఉంటే దాదాపు రెండింతలవుతాయి. బండ అంచున, చిన్న గుండు మీద పెడితే తగ్గుతాయి. ఊరట ఏమిటంటే ఆకారం వల్ల మూడు మూలకాలూ ఇంచుమించు ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి, తగ్గుతాయి. కాబట్టి థోరియం, పొటాషియం నిష్పత్తి పెద్దగా చెడదు. పొటాషియం శాతాన్ని నమ్ముకున్నవాళ్లే ఇక్కడ దెబ్బతింటారు. ట్రెంచ్ (తవ్విన కందకం) గోడ మీద కొలవాల్సి వస్తే నోట్స్‌లో ‘ట్రెంచ్’ అని రాయండి, ఆ రీడింగులను ఔట్‌క్రాప్ (నేల పైకి తేలిన రాయి) రీడింగులతో ఒకే రంగుల స్కేలులో వేయకండి.

రాయి మీద నాచు, మట్టి, ఆకులు ఉంటే బ్రష్‌తో తీసేయాలి. ఇరవై సెంటీమీటర్ల తడి మట్టి ఉంటే కింద రాయి సంకేతం సగానికి పైగా పోయినట్టే. మట్టిలో తేమ పది శాతం పెరిగితే కౌంట్లు ఇంచుమించు పది శాతం తగ్గుతాయి. వాన పడ్డాక ఇంకో చిక్కు ఉంది. వాన నీరు గాలిలోని రేడాన్ సంతతిని, అంటే రేడాన్ విఘటనతో పుట్టిన మూలకాలను, నేల మీదికి దించుతుంది, అందులో బిస్మత్-214 కూడా ఉంటుంది. దాని అర్ధాయువు 20 నిమిషాలు, దానికి ముందున్న సీసం-214ది 27 నిమిషాలు. అందువల్ల వాన ఆగాక మూడు గంటలు గడిచేదాకా యురేనియం అంకెను నమ్మకూడదు. గాలి ఆడని పాత సొరంగాల్లో, లోతైన ట్రెంచ్‌లలో రేడాన్ ఎప్పుడూ పేరుకుని ఉంటుంది, అక్కడ యురేనియం చానల్‌ను మర్చిపోవడమే నయం. మనిషి నిల్చున్న తీరు కూడా లెక్కే. పరికరాన్ని దించి రెండడుగులు వెనక్కి వెళ్లండి, మీదకు వంగి స్క్రీన్ చూస్తూ ఉండకండి.

ఒక చిన్న లెక్కతో రీడింగ్ సరిచూసుకోవచ్చు. పొటాషియం శాతాన్ని 13.08తో, యురేనియం పీపీఎంను 5.68తో, థోరియం పీపీఎంను 2.49తో గుణించి కలిపితే ఆ రాయి ఇచ్చే గామా డోస్ రేటు గంటకు ఎన్ని నానోగ్రేలో వస్తుంది. పొటాషియం 3, యురేనియం 3, థోరియం 10 అయితే 81. పరికరం చూపించే డోస్ రేటు, కాస్మిక్ (అంతరిక్ష కిరణాల) వాటా తీసేశాక కూడా, దీనికి చాలా దూరంగా ఉంటే స్ట్రిప్పింగ్ (ఒక మూలకం విండోలో పడ్డ మరో మూలకం కిరణాలను తీసేసే లెక్క) లేదా కాలిబ్రేషన్‌లో తేడా ఉన్నట్టు. అణు ధూళి పడ్డ ప్రాంతాల్లో సీసియం-137 కూడా ఈ తేడాకు కారణం కావచ్చు. దాని 662 కేఈవీ కిరణం పొటాషియం విండోలో పడదు గానీ మొత్తం కౌంట్లను ఉబ్బిస్తుంది. మొత్తం కౌంట్లే చూపించే చౌకరకం సింటిలోమీటర్లతో ఆల్టరేషన్ వెతకకూడదనడానికి ఇది ఒక కారణం. అసలు కారణం మాత్రం వాటిలో నిష్పత్తి అనేదే ఉండదు.

తక్కువ థోరియం, యురేనియం ఉన్న బసాల్ట్ మీద స్క్రీన్ అప్పుడప్పుడు యురేనియం మైనస్‌లో చూపిస్తుంది. పరికరం పాడైందని కంగారు పడకండి. థోరియం గొలుసు కిరణాలు కొన్ని యురేనియం విండోలో పడతాయి. వాటిని తీసేసే లెక్కలో విండోలో ఉన్న కౌంట్ల కంటే తీసేసినవి ఎక్కువైతే మైనస్ వస్తుంది. ఆ అంకెను సున్నాగా మార్చకుండా అలాగే ఉంచండి. మార్చితే సగటు పైకి జరుగుతుంది. నిష్పత్తులు కట్టేటప్పుడు మాత్రం ఒక హద్దు పెట్టుకోవాలి. పొటాషియం 0.25 శాతం కన్నా తక్కువున్న పాయింట్లలో నిష్పత్తి అర్థం లేకుండా ఎగిరిపోతుంది, వాటిని పటంలో ఖాళీగా వదలాలి. థోరియం కౌంట్లు మరీ తక్కువుంటే పక్కపక్క పాయింట్ల కౌంట్లను కలిపి నూరు దాటాక నిష్పత్తి కట్టడం మంచి అలవాటు.

ఏ రాళ్లలో పనిచేస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది

మామూలు రాయిలో పొటాషియం ఎంత తక్కువుంటే పరికరం అంత బాగా పనిచేస్తుంది. బసాల్ట్‌లో 0.5 శాతం పొటాషియం ఉంటే, సెరిసైట్ వచ్చిన షియర్ జోన్‌లో 2, 3 శాతం కనిపించగానే మరో మాట అక్కర్లేదు, ఆర్‌ఎస్-125 సర్వే మోడ్‌లోనే తెలిసిపోతుంది. అదే 4 శాతం పొటాషియం ఉన్న గ్రానైట్‌లో ఆల్టరేషన్ దాన్ని 5.5కి చేరిస్తే అది గ్రానైట్‌లోని సహజమైన హెచ్చుతగ్గుల్లో కలిసిపోతుంది. ఫెల్డ్‌స్పార్ సెరిసైట్‌గా మారినప్పుడు పొటాషియం ఎక్కడిదక్కడే ఉండి ఖనిజం మాత్రం మారిన సందర్భాలూ ఉంటాయి. అలాంటి చోట స్పెక్ట్రోమీటర్‌కు ఏ తేడా తెలియదు.

అడ్వాన్స్‌డ్ ఆర్జిలిక్ ఆల్టరేషన్‌లో కథ తిరగబడుతుంది. ఆమ్ల ద్రవాలు పొటాషియాన్ని కడిగేసి కయోలినైట్, పైరోఫిలైట్, సిలికాను మిగులుస్తాయి, అక్కడ పొటాషియం పడిపోయి నిష్పత్తి పెరుగుతుంది. అందులోనే అలునైట్ ఉంటే పొటాషియం మళ్లీ పెరుగుతుంది. హై సల్ఫిడేషన్ (ఇలాంటి ఆమ్ల ద్రవాలతో ఏర్పడిన) వ్యవస్థల్లో సిలికా గుట్ట మీద కౌంట్లు దాదాపు చచ్చిపోయి, చుట్టూ అలునైట్ ఉన్న చోట పెరగడం మామూలే. ఎర్ర రంగు కోసమే వెతికేవాళ్లు ఈ గుట్టను దాటి వెళ్లిపోతారు. వ్యవస్థ అంచున క్లోరైట్, ఎపిడోట్ పుట్టే ప్రొపిలిటిక్ జోన్‌లో పొటాషియం పెద్దగా మారదు, దాన్ని ఈ పరికరంతో పట్టాలని చూడకండి.

తప్పుడు సూచనలు చాలా ఉన్నాయి. థోరియం తక్కువుండే పెగ్మటైట్, ల్యూకోగ్రానైట్‌లు ఆల్టరేషన్ లేకపోయినా తక్కువ నిష్పత్తి చూపిస్తాయి. గ్లాకొనైట్ ఉన్న ఇసుకరాళ్లు కూడా అంతే. పొటాష్ ఎరువు ఎక్కువగా వేసిన పొలాల్లో పొటాషియం కాస్త పెరిగి కనిపించవచ్చు. లాటరైట్‌లో (వానలకు బాగా శిథిలమైన ఎర్ర రాయిలో) పొటాషియం కరిగిపోయి థోరియం ఐరన్ ఆక్సైడ్‌లతో మిగిలిపోతుంది కాబట్టి, కింద మంచి ఆల్టరేషన్ ఉన్నా పైన నిష్పత్తి ఎక్కువే కనిపిస్తుంది. హిమానీనదాలు మోసుకొచ్చిన మట్టి మీదైతే అనామలీ (చుట్టుపక్కల కన్నా తేడాగా వచ్చే రీడింగ్) నిక్షేపం మీద కాకుండా మంచు కదిలిన దిశలో జరిగి కనిపిస్తుంది. ఇక కప్పు మందంగా ఉంటే చెప్పేదేమీ లేదు. ఆస్ట్రేలియాలోని ఒలింపిక్ డ్యామ్‌లో రాగి, బంగారంతోపాటు ప్రపంచంలోనే అతిపెద్ద యురేనియం నిల్వ ఉంది. పైన 300 మీటర్లకు మించిన రాతి కప్పు ఉన్నందున గామా సర్వేకు అది కనిపించదు. 1975లో దాన్ని పట్టించినవి గురుత్వ, అయస్కాంత అనామలీలు.

ఏ ఖనిజం వల్ల పొటాషియం పెరిగిందో స్పెక్ట్రోమీటర్ చెప్పలేదు. అందుకే ఒంటరిగా వాడకూడదు. జేబులో మాగ్నెటిక్ ససెప్టిబిలిటీ (రాయి ఎంతగా అయస్కాంతత్వం పొందుతుందో) కొలిచే మీటర్ ఉంచుకుని ప్రతి పాయింట్ దగ్గరా ఆ రీడింగూ తీయండి. పొటాసిక్ జోన్‌లో మాగ్నెటైట్ తరచుగా ఉంటుంది, సెరిసైట్ జోన్‌లో మాగ్నెటైట్ పైరైట్‌గా మారి ససెప్టిబిలిటీ పడిపోతుంది. నిష్పత్తి తగ్గి ససెప్టిబిలిటీ పెరిగిన చోటు, నిష్పత్తి తగ్గి ససెప్టిబిలిటీ కూడా తగ్గిన చోటు వ్యవస్థలో వేర్వేరు భాగాలు. ఈ రెండు అంకెలూ కలిపి వేసిన పటం చాలాసార్లు ఖరీదైన ల్యాబ్ ప్యాకేజీ కన్నా ముందే దారి చూపిస్తుంది. పొటాషియం ఫెల్డ్‌స్పార్‌ను కంటితో తేల్చాలంటే కోసిన రాతి ముఖాన్ని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లపు ఆవిరితో తినిపించి సోడియం కోబాల్టినైట్రైట్ పూయాలి, ఫెల్డ్‌స్పార్ పసుపు రంగుకు తిరుగుతుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ప్రాణాంతకం. ఫ్యూమ్ హుడ్, కాల్షియం గ్లూకొనేట్ జెల్ ఉన్న ల్యాబ్‌లో, తెలిసినవాళ్లు మాత్రమే చేయాలి. క్యాంప్‌లో వద్దు.

ల్యాబ్‌తో సరిచూసేటప్పుడు

పాతిక, ముప్పై పాయింట్ల దగ్గర పరికరం పెట్టిన చోటే, ఒక మీటరు వలయంలో ఐదారు చోట్ల నుంచి రాతి ముక్కలు తీసి ఒకే సంచిలో కలిపి ల్యాబ్‌కు పంపండి. చేతి గుప్పెడంత ఒక్క ముక్క పంపితే అది పరికరం చూసిన రాయికి ప్రతినిధి కాదు. యాక్వా రీజియా (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం) విశ్లేషణ అడగకండి. అది ఫెల్డ్‌స్పార్‌ను కరిగించదు, పొటాషియం తక్కువగా వచ్చి పరికరం తప్పనిపిస్తుంది. నాలుగు ఆమ్లాల పద్ధతి పొటాషియానికి సరిపోతుంది. థోరియం, యురేనియం జిర్కాన్‌లో బందీ అయి ఉంటే నాలుగు ఆమ్లాలకూ లొంగవు, వాటికి ఫ్యూజన్ (రాతి పొడిని లవణంతో కలిపి కరిగించడం) తర్వాత ఐసీపీ-ఎంఎస్ (మూలకాలను ద్రవ్యరాశిని బట్టి లెక్కించే ల్యాబ్ పద్ధతి) అడగాలి. పొటాషియంలో పది శాతం, థోరియంలో పదిహేను శాతం తేడా ఉంటే చేతి పరికరానికి అది మంచి ఫలితమే. యురేనియంలో తేడా ఎక్కువున్నా ఆశ్చర్యపోవద్దు, కారణం పైన చెప్పిందే.

ఆ ప్రాంతానికి విమానంలో చేసిన గామా సర్వే గ్రిడ్‌లు దొరికితే చేతి పరికరం కొనకముందే వాటిని తెరవండి. ఆస్ట్రేలియా, కెనడా లాంటి దేశాలు వీటిని ఉచితంగా ఇస్తున్నాయి. విమానం 60 నుంచి 100 మీటర్ల ఎత్తులో, ఎక్కువగా 33.6 లీటర్ల క్రిస్టల్‌తో ఎగురుతుంది. ఒక్కో రీడింగ్ వందల మీటర్ల నేలను కలిపి చూస్తుంది. అందువల్ల పొటాషియం ఎరుపు, థోరియం ఆకుపచ్చ, యురేనియం నీలంగా వేసే మూడు రంగుల చిత్రంలో పదిహేను మీటర్ల వెడల్పున్న సెరిసైట్ పట్టీ కనిపించదు. అక్కడ చేతి పరికరమే గతి. నిష్పత్తి పటంతోపాటు పొటాషియాన్ని యురేనియంతో గుణించి థోరియంతో భాగించే ‘ఎఫ్’ పరామితిని కూడా వేసి చూడండి. పొటాషియం, యురేనియం రెండూ కలిసి చేరిన ఆల్టరేషన్‌ను అది ఇంకా బాగా పైకి తెస్తుంది. చేతి రీడింగులతో ఎఫ్ కడితే మాత్రం యురేనియం పొరపాటు కూడా వచ్చి చేరుతుంది, 300 సెకన్లకు తక్కువ రీడింగులతో ఆ పని వద్దు.

సెకండ్‌హ్యాండ్‌లో తీసుకునేవాళ్లకు

కొత్తది కాకుండా వాడినదే దొరుకుతుంటే, డబ్బు చేతులు మారకముందు స్పెక్ట్రమ్ చూపించమనండి. ఎరువుల దుకాణంలో దొరికే పొటాషియం క్లోరైడ్‌లో 52 శాతం పొటాషియమే. దాన్ని ఐదు కిలోలు పరికరానికి ఆనించి పది నిమిషాలు ఉంచితే 1.461 శిఖరం స్పష్టంగా లేవాలి. సోడియం అయొడైడ్ క్రిస్టల్‌కు ఆ శిఖరం సగం ఎత్తు దగ్గర వెడల్పు 90 కేఈవీ లోపు ఉంటే క్రిస్టల్ ఆరోగ్యంగా ఉన్నట్టు. 110 దాటితే తేమ పట్టిందో, చిట్లిందో అనుమానించాలి. శిఖరం రెండుగా చీలినట్టు కనిపిస్తే అది చిట్లిన క్రిస్టలే, బేరం వదిలేయండి. బీజీఓకు ఇంతకన్నా వెడల్పైన శిఖరం మామూలే. ఎర్ర కొన ఉన్న టిగ్ వెల్డింగ్ టంగ్‌స్టన్ రాడ్లలో 2 శాతం థోరియం ఆక్సైడ్ ఉంటుంది. పది రాడ్ల పెట్టెను ఆనిస్తే 2.614 శిఖరం సరైన చానల్‌లో ఉందో లేదో తేలిపోతుంది. ఆ రాడ్లను అదే సంచిలో పెట్టుకుని ఫీల్డ్‌కు వెళ్లకండి, థోరియం మొత్తం తప్పుగా వస్తుంది. రేడియం పూత ఉన్న పాత కంపాస్‌దీ అదే గొడవ.

చివరిగా కాలిబ్రేషన్ సర్టిఫికెట్ తేదీ చూడండి. పొటాషియం, యురేనియం, థోరియం కలిపిన మూడు కాంక్రీట్ ప్యాడ్‌లు, ఏమీ కలపని ఒక ఖాళీ ప్యాడ్ మీద చేసినదై ఉండాలి. స్ట్రిప్పింగ్ గుణకాలు అందులో అంకెలుగా రాసి ఉండాలి. ‘కాలిబ్రేటెడ్’ అన్న ముద్ర ఒక్కటే ఉంటే ప్యాడ్‌లున్న ప్రయోగశాలలో మళ్లీ చేయించడానికయ్యే ఖర్చును, సమయాన్ని బేరంలో తగ్గించుకోండి. క్రిస్టల్ గానీ ఫోటోమల్టిప్లయర్ (క్రిస్టల్ కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చే గొట్టం) గానీ మార్చి ఉంటే పాత సర్టిఫికెట్ ఎంత కొత్తదైనా చెల్లదు.